రేసుకు ముందు రోజు: ఊరు దాటి వెళ్లే జూనియర్ క్రాస్ కంట్రీ టీమ్‌ను సిద్ధం చేయడం ఎలా?

జనవరి వచ్చిందంటే క్రాస్ కంట్రీ (ట్రాక్ మీద కాకుండా గడ్డి, మట్టి నేల మీద సాగే దూరపు పరుగు) గురించి పీఈటీ సార్ల నుంచీ తల్లిదండ్రుల నుంచీ ఒకటే ప్రశ్న. "సార్, రేపు పొద్దున రేసు. ఇవాళ పిల్లలతో ఏం చేయించాలి?" ఫోన్‌లో ముక్కలు ముక్కలుగా చెప్పీ చెప్పీ విసుగొచ్చింది. అందుకే మొత్తం ఒకచోట రాస్తున్నాను.

ఉదాహరణకు హనుమకొండ నుంచి పన్నెండు మంది పిల్లలను ఆదిలాబాద్ తీసుకెళ్తున్నాం అనుకుందాం. రేసు మర్నాడు పొద్దున ఏడున్నరకు. మీరు వెళ్లేది నిజామాబాద్ అయినా హైదరాబాద్ అయినా గంటలు మారతాయి, వరుస మాత్రం ఇదే.

ముందు ఒక మాట. ఆ ఒక్క రోజులో ఎవరి వేగమూ పెరగదు. చెడగొట్టడానికి మాత్రం బోలెడు దారులున్నాయి. ఏం తినాలి, బూట్ల అడుగున ఏ పిన్నులు వేసుకోవాలి, ఎన్నింటికి లేవాలి అని రాత్రి పడుకునేటప్పుడు పిల్లలు ఆలోచిస్తున్నారంటే మన పని మిగిలిపోయినట్టే. అవన్నీ పెద్దవాళ్లం ముందే తేల్చేయాలి.

1. సంచులు ఇంట్లో కాదు, గ్రౌండ్‌లో సర్దించండి

బయలుదేరే ముందు రోజు సాయంత్రం పిల్లలందరినీ సంచులతో సహా గ్రౌండ్‌కు రమ్మనండి. మేం ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌లో ఒక దుప్పటి పరిచి, ఒక్కొక్కరి సంచి దాని మీద బోర్లిస్తాం. ఇంట్లో అమ్మ సర్దిన సంచిలో ఏముందో పిల్లలకు తెలియదు. గ్రౌండ్‌లో తమ చేతులతో సర్దుకున్నది చీకట్లో తడిమినా దొరుకుతుంది.

ఒక్కొక్కరికి రెండు సంచులు ఉండాలి. పెద్ద సంచి బస్సు డిక్కీలోకి వెళ్తుంది. చిన్న సంచి మాత్రం ఒడి దిగకూడదు. రేసుకు కావలసినవన్నీ చిన్న సంచిలోనే పెట్టించండి. పెద్ద సంచి పోయినా పిల్ల పరుగెత్తగలగాలి.

చిన్న సంచిలో ఉండాల్సినవి:

- రేసు బనియన్, షార్ట్స్
- రేసు బూట్లు, రెండు జతల సాక్సులు (ఇంతకుముందు వేసుకుని పరుగెత్తినవే, కొత్తవి వద్దు)
- ఎనిమిది పిన్నీసులు (బనియన్ మీద పెట్టే రేసు నంబరుకు నాలుగు, పోతాయి కాబట్టి ఇంకో నాలుగు)
- ఒరిజినల్ కాగితాలున్న ప్లాస్టిక్ కవరు
- తన నీళ్ల సీసా
- చిన్న వాజెలిన్ డబ్బా

పెద్ద సంచిలో స్వెటర్, మంకీ క్యాప్, దుప్పటి, తువ్వాలు, రేసు అయ్యాక మార్చుకునే బట్టలు, చెప్పులు. దుప్పటి బరువని వదిలేయకండి. ఆదిలాబాద్‌లో జనవరి తెల్లవారుజామున ఉష్ణోగ్రత 10 డిగ్రీల లోపుకు పడిపోయే రోజులుంటాయి. వరంగల్ చలిని చూసి ఆ చలిని అంచనా వేస్తే రాత్రంతా పళ్లు టకటకలాడతాయి.

సంక్రాంతి దగ్గర్లో ఉంటే ఇంకో తనిఖీ తప్పదు. సకినాలు, గారెలు, అరిసెల డబ్బాలు. అమ్మలు పెట్టకుండా ఉండరు, పిల్లలు తినకుండా ఉండరు. డబ్బాల మీద పేర్లు రాయించి అన్నీ నా సంచిలో వేసుకుంటాను. రేసు అయిన పది నిమిషాలకు మూతలు తీస్తాం. ఒకసారి ఒక కుర్రాడు రెండో డబ్బా దాచుకుని రాత్రంతా నూనె సకినాలు నమిలాడు. పొద్దున రెండో ల్యాపులోనే (చుట్టులోనే) పొట్ట పట్టుకుని కూర్చున్నాడు.

గోళ్లు కత్తిరించడం ఆ రోజు రాత్రి పని కాదు. రెండు మూడు రోజుల ముందే అయిపోవాలి. ముందు రోజు లోతుగా కత్తిరిస్తే బూటులో వేలు మంటపుడుతుంది.

2. కాగితాలు

ఇది త్వరగా చెప్పేస్తాను. పుట్టిన తేదీ సర్టిఫికెట్, ఆధార్, స్కూలు బోనఫైడ్. ఒరిజినల్స్‌తో పాటు రెండేసి జిరాక్సులు, రెండు పాస్‌పోర్ట్ ఫొటోలు. పోటీ పెట్టేవాళ్లు పంపిన సర్క్యులర్‌లో ఇంకేమైనా అడిగితే అదీ. జిరాక్సుల సెట్ ఒకటి మీ దగ్గర, ఒకటి తోడు వచ్చే మేడమ్ దగ్గర. వయసు విభాగం, దూరం సర్క్యులర్ చూసి పిల్లలతో పైకి చెప్పించండి. జాతీయ పోటీల్లో అండర్-20 అబ్బాయిలకు 8 కి.మీ., అమ్మాయిలకు 6 కి.మీ., అండర్-16 వాళ్లకు 2 కి.మీ. అయితే జిల్లా, రాష్ట్ర స్థాయుల్లో మైదానాన్ని బట్టి మారుస్తుంటారు.

3. బస్సులో

పొద్దున ఆరింటికల్లా బయలుదేరండి. కరీంనగర్, జగిత్యాల, నిర్మల్ మీదుగా ఆరేడు గంటల ప్రయాణం. మధ్యాహ్నం బయలుదేరితే చేరేసరికి చీకటి పడుతుంది, కోర్సు (రేసు నడిచే దారి) చూడటం కుదరదు. ముందు రోజు చేయాల్సిన పనుల్లో కోర్సు చూడటమే అన్నిటికన్నా ముఖ్యమైనది.

గంటన్నరకోసారి బస్సు ఆపించి ఐదు నిమిషాలు నడిపించండి. మామూలు సర్వీసు బస్సులో అది కుదరదు. కాబట్టి బస్టాండులో ఆగినప్పుడల్లా దింపండి, ఇద్దరు మాత్రం సామాన్ల దగ్గర ఉండాలి. మోకాళ్లు ముడుచుకుని ఆరు గంటలు కూర్చున్న కాళ్లు సాయంత్రానికి కర్రల్లా అవుతాయి.

నిర్మల్ దాటాక ఘాట్ రోడ్డు వస్తుంది. మలుపుల్లో వాంతులయ్యే పిల్లలు ప్రతి టీమ్‌లోనూ ఒకరిద్దరుంటారు. వాళ్లెవరో ముందే అడిగి ముందు సీట్లలో కూర్చోబెట్టండి. ఫోన్ చూడనివ్వకండి, దూరంగా రోడ్డు వైపు చూడమనండి. కడుపు పూర్తిగా ఖాళీగానూ ఉండకూడదు, నిండుగానూ ఉండకూడదు. నిర్మల్‌కు ముందు ఒక అరటిపండు చాలు. వాంతి మాత్రలు మత్తుగా ఉంచుతాయి. ఇంతకుముందు వాడి, అలవాటున్న పిల్లలకు తప్ప ఇవ్వకండి.

దారిలో తినేది ఇంటి నుంచే తెచ్చుకోవాలి. ఇడ్లీ, ఉప్మా, పెరుగన్నం, ఏదైనా ఫర్వాలేదు. ఒక ఏడాది పాపం పిల్లలు ఆకలిగా ఉన్నారని రోడ్డు పక్క హోటల్‌లో అందరికీ ఎగ్ బిర్యానీ పెట్టించాను. ఆ రాత్రి ముగ్గురు బాత్‌రూమ్‌కూ మంచానికీ మధ్య తిరుగుతూనే ఉన్నారు. తప్పు హోటల్‌ది కాదు, నాది. అప్పటి నుంచి టిఫిన్ బాక్సులే.

4. దిగాక మొదటి గంట

మనకిచ్చే వసతి చాలాసార్లు ఏదో స్కూలు గదే. బెంచీలు ఒక మూలకు నెట్టి, కింద చాపలు పరుచుకోవాలి. అలా అయినా గది చేతికి వచ్చిన వెంటనే ఈ నాలుగూ చూడండి:

- కిటికీ రెక్కలు మూసుకుంటాయా? లేకపోతే అట్టముక్క, టేపుతో మూసేయండి
- బాత్‌రూమ్‌లు ఎన్ని, తెల్లవారుజామున నీళ్లు వస్తాయా? వాచ్‌మన్‌ను అడగండి, రెండు బకెట్లు రాత్రే నింపి పెట్టండి
- లైటు, ప్లగ్ పాయింట్ పనిచేస్తున్నాయా?
- అమ్మాయిల గదికి లోపలి గడియ ఉందా? దాని పక్క గదిలోనే మేడమ్ ఉండాలి

నీళ్లు కాచుకునే రాడ్ హీటర్ ఎవరైనా తెచ్చి ఉంటే తీసి మీ దగ్గర పెట్టుకోండి. ఇనుప బకెట్, తడి నేల, చీకట్లో పిల్లలు, ఈ మూడూ ఒకచోట చేరకూడదు. రేసు పొద్దున స్నానం చేయకపోయినా నష్టం లేదు, ముఖం కడుక్కుంటే చాలు.

సామాను పెట్టి, చేతులు కడుక్కుని, మధ్యాహ్నం భోజనం చేశాక గంటసేపు నడుం వాల్చనివ్వండి. నిద్రపోతే అరగంటకు లేపండి. సాయంత్రం దాకా పడుకుంటే రాత్రి నిద్ర రాదు.

5. కోర్సు నడక

మూడున్నరకల్లా మైదానంలో ఉండాలి. చాలా టీమ్‌లు ఇక్కడ సెల్ఫీలు దిగి తిరిగి వెళ్లిపోతాయి. మనం మాత్రం ఒక ల్యాపు పూర్తిగా, రేసు నడిచే దిశలోనే, రేపు పరుగెత్తబోయే గీత మీదే నడవాలి. ఎదురు దిశలో నడిస్తే ఎత్తు పల్లంగానూ, పల్లం ఎత్తుగానూ గుర్తుండిపోతుంది.

మొదట స్టార్ట్. గీత దగ్గర నిలబడి ముందుకు చూడండి. ఎన్ని మీటర్ల తర్వాత దారి ఇరుకవుతుంది? మొదటి మలుపు ఎటు? వెడల్పైన మైదానంలో మొదలై రెండు వందల మీటర్లకే మలుపు ఉంటే, అక్కడ మోచేతుల తోపులాట ఖాయం. చిన్న పిల్లలను ఆ మలుపుకు బయటి వైపు ఉండమనండి. రెండడుగుల దూరం ఎక్కువైనా కింద పడకుండా ఉంటారు.

తర్వాత నేల. మన పిల్లలు ఎర్ర నేల మీద, స్టేడియం సింథటిక్ ట్రాక్ మీద, వడ్డేపల్లి చెరువు కట్ట మీద పరుగెత్తి పెరిగినవాళ్లు. ఆదిలాబాద్ వైపు నల్లరేగడి ఎక్కువ. ఎండాకాలం దాకా ఆగక్కర్లేదు, జనవరికే అక్కడక్కడ నెర్రెలు మొదలవుతాయి. గడ్డి కింద కనబడని నెర్రెలో మడమ దిగితే బెణుకుతుంది. వాటిని కాలితో తడుముతూ నడవండి. కనిపించిన చోటల్లా ఆగి, "ఇక్కడ గీతకు ఎడమ పక్క" అని పిల్లలతో అనిపించండి.

అదే నల్లమట్టి తడిస్తే ఇంకో బాధ. స్పైక్స్ (అడుగున పిన్నులు బిగించే రేసు బూట్లు) కింద ముద్దలు ముద్దలుగా పట్టుకుని ఒక్కో బూటు కిలో బరువున్నట్టు అనిపిస్తుంది. గడ్డి మీద రాత్రి కురిసే మంచు కూడా లెక్కే. మధ్యాహ్నం పొడిగా గరగరలాడిన గడ్డి పొద్దున ఏడింటికి జారుతుంది. మలుపుల్లో గడ్డి ఎక్కడుందో ప్రత్యేకంగా చూడండి.

సూర్యుడి సంగతి ఎవరూ అడగరు. మనం నడిచేటప్పుడు ఎండ పడమటి నుంచి వస్తుంది. రేపు ఏడున్నరకు తూర్పున, కింద నుంచి సూటిగా కళ్లలోకి కొడుతుంది. కోర్సులో తూర్పు ముఖంగా పరుగెత్తే భాగం ఏదో వెతికి, అక్కడ తల కొంచెం వంచి ముందున్న వాళ్ల మడమలు చూస్తూ వెళ్లమని చెప్పండి.

ముళ్లు. పల్లేరు కాయలు, తుమ్మ ముళ్లు రెండూ చూడండి. టీమ్‌లో ఒట్టి కాళ్లతో పరుగెత్తే పిల్లలుంటే ఇది చాలా అవసరం. ఒట్టి కాళ్లతో బాగా పరుగెత్తే పిల్లలను నేను వద్దనను, కానీ పల్లేరు ఉన్న చోట కాన్వాస్ బూట్లు వేయిస్తాను.

చివర ఫినిష్. ఆఖరి మూడు వందల మీటర్లు రెండుసార్లు నడవండి. రేపు కూడా కదలకుండా ఉండే గుర్తు ఒకటి ఎంచుకోండి, వేప చెట్టో కరెంటు స్తంభమో. "ఈ స్తంభం నుంచి గట్టిగా లాగాలి" అని పెద్దమ్మాయితో చిన్నవాళ్లకు చెప్పించండి. జెండాలను, బ్యానర్లను గుర్తు పెట్టుకోకండి, వాటిని రాత్రికి రాత్రే మారుస్తారు.

నడక అయ్యాక ఒక్కొక్కరికి తెల్లకాగితం ఇచ్చి కోర్సు బొమ్మ గీయమనండి. ఎన్ని ల్యాపులో మూలన అంకె వేయమనండి. బొమ్మలో మలుపు తప్పిన వాళ్లను ఆ మలుపు దగ్గరికి మళ్లీ తీసుకెళ్లండి. ఐదు నిమిషాల పని. ల్యాపులు తప్పు లెక్కపెట్టి ఒక ల్యాపు ముందే గట్టిగా లాగేసి, తర్వాత నడుచుకుంటూ వచ్చిన పిల్లలను ప్రతి ఏడాదీ చూస్తుంటాం.

మరుగుదొడ్లు, కాల్ రూమ్ (రేసుకు ముందు పేర్లు పిలిచి హాజరు చూసే చోటు), నీళ్లు ఎక్కడున్నాయో కూడా ఈ నడకలోనే చూపించేయాలి.

6. స్పైక్స్, పిన్నులు

పిన్నుల పొడవు కోర్సు చూశాకే తేల్చాలి. ఇంటి దగ్గరే బిగించేసి రాకండి. నేను పాటించే లెక్క ఇది:

- గట్టి నేల, పొడి గడ్డి: 6 లేదా 9 మి.మీ.
- మంచు పడిన గడ్డి, మెత్తటి నేల: 9 నుంచి 12 మి.మీ.
- బురద: 12 నుంచి 15 మి.మీ.

గట్టి నేల మీద పొడవు పిన్నులు వేస్తే అవి దిగవు. పైకి తన్ని అరికాలు నొప్పి పెడతాయి. కోర్సు మధ్యలో తారు రోడ్డో సిమెంటు గచ్చో దాటాల్సి ఉంటే పొట్టివే మేలు.

బిగించడం కూడా పిల్లలకే నేర్పండి. ముందు వేలితో తిప్పాలి. మర మీద సరిగ్గా కూర్చుంటే సులువుగా లోపలికి వెళ్తుంది. గరగరమంటే అడ్డం పడిందని అర్థం, తీసి మళ్లీ పెట్టాలి. వేలితో ఇక తిరగదు అన్నప్పుడు కీతో పావు వంతు తిప్పి ఆపేయాలి. బలమంతా పెట్టి బిగిస్తే తర్వాత ఊడదు, వదులుగా ఉంటే దారిలో రాలిపోతుంది.

తుప్పు పట్టి బిగుసుకుపోయిన పిన్నుకు ఒక చుక్క కుట్టుమిషన్ నూనె వేసి పావుగంట ఆగి, కటింగ్ ప్లయర్‌తో తిప్పండి. అప్పటికీ రాకపోతే వదిలేయండి. ఒక్క పిన్ను పొట్టిగా ఉంటే కొంపలు మునగవు. మర చెడితే మాత్రం బూటే పోతుంది.

టీమ్ పెట్టెలో రెండు కీలు, ప్లయర్, నూనె, మూడు పొడవుల పిన్నులు, అదనపు లేసులు ఉండాలి. ఒక ఏడాది వేరే జిల్లాలో కోర్సు రాయిలా గట్టిగా ఉంది. అందరికీ 6 మి.మీ. వేశాం. దుమ్ము లేవకుండా రాత్రి ట్యాంకర్‌తో నీళ్లు కొట్టారు. పొద్దున చూస్తే మొదటి మలుపంతా బురద. పొడవు పిన్నుల డబ్బా హనుమకొండలో నా టేబుల్ మీద ఉంది. మా పిల్లలు ఆ మలుపులో బాతుల్లా నడిచారు. ఇప్పుడు ఆ డబ్బా టీమ్ పెట్టెకు తాడుతో కట్టి ఉంటుంది.

స్పైక్స్ లేని పిల్లలు బాధపడతారు. పొడి గట్టి నేల మీద మామూలు పలచటి రన్నింగ్ షూకూ స్పైక్స్‌కూ పెద్ద తేడా ఉండదని నిజమే చెప్పండి. స్నేహితుడి స్పైక్స్ అరువు తెచ్చుకుని మొదటిసారి రేసులోనే వేసుకోవడం మాత్రం ఒప్పుకోకండి. పిక్కలు పట్టేస్తాయి.

7. తేలికపాటి జాగింగ్

కోర్సు నడక అయిన వెంటనే. పదిహేను నిమిషాలు, పక్కవాళ్లతో కబుర్లు చెప్పుకోగలిగేంత నెమ్మదిగా. తర్వాత ఎనభై మీటర్లవి నాలుగు స్ట్రైడ్స్ (పొడవైన అడుగులతో చిన్న పరుగులు). వేగంగా, కానీ పళ్లు బిగించకుండా. మధ్యలో నడుచుకుంటూ వెనక్కి రావాలి. అంతే, ఆపేయండి.

పక్క జిల్లా టీమ్ పక్కనే టైమ్ ట్రయల్ (గడియారం పట్టి వేగంగా పరుగెత్తించడం) పెడుతుంటుంది. మన పిల్లల కాళ్లు కూడా లాగుతాయి. "సార్, ఒక్క ల్యాప్ ఫాస్ట్" అని బతిమాలతారు. వద్దు. ఆ ల్యాపేదో రేపు వేయమనండి.

జలుబు తప్ప ఇంకేం లేకపోతే జాగింగ్ చేయనివ్వచ్చు. జ్వరం, ఛాతీలో పట్టేసినట్టు ఉండటం, ఒళ్లునొప్పులు ఉంటే రేసు కూడా వద్దు. ఎంత మంచి రన్నర్ అయినా సరే. మెడికల్ షాపు నుంచి తెచ్చిన జలుబు మాత్రలు మీ అంతట మీరు ఇవ్వకండి. కొన్నింట్లో సూడోఎఫెడ్రిన్ ఉంటుంది, పోటీ రోజున అది మోతాదు మించితే డోపింగ్ కిందకు వస్తుంది. ఆట గురించి చెప్పి డాక్టర్‌తో రాయించుకోండి.

8. తిండి, నీళ్లు

రాత్రి భోజనం ఏడింటికి. అన్నం, పప్పు, ఆలుగడ్డ కూర, పెరుగు. రోజూ తినేదాని కన్నా నాలుగు ముద్దలు ఎక్కువ. రెండింతలు కాదు. 2 కి.మీ. పరుగెత్తే పిల్లలకు కార్బో లోడింగ్ (రేసు కోసమని అన్నం లాంటివి బాగా ఎక్కువ తినడం) అనే మాటే అక్కర్లేదు, వాళ్ల ఒంట్లో ఉన్నదే ఎక్కువ.

ఆ రోజు వద్దనేవి: మిర్చి బజ్జి, కొత్త ఊరి చికెన్, పచ్చి పులుసులో పచ్చి ఉల్లిగడ్డ ముక్కలు, చెరుకు రసం, బండి మీద కోసిన పండ్లు, రేపటి కోసమని కొన్న ఎనర్జీ డ్రింక్. జొన్న రొట్టె అలవాటున్న పిల్లలు తినొచ్చు, లేనివాళ్లు ఆ రాత్రి మొదలుపెట్టకూడదు.

నీళ్లు రోజంతా కొంచెం కొంచెంగా తాగాలి. మూత్రం లేత పసుపులో ఉంటే సరిపోయినట్టే. ముదురుగా ఉంటే ఇంకో రెండు గ్లాసులు. చలికి దాహం వేయదు కాబట్టి మీరే గుర్తు చేయాలి. ఎనిమిదిన్నర తర్వాత ఆపేయండి, లేకపోతే రాత్రంతా తలుపు చప్పుడే.

ఓఆర్ఎస్ కలిపితే లీటరుకు ఒక పెద్ద ప్యాకెట్. పిల్లలు ప్యాకెట్ మొత్తం ఒక గ్లాసులో పోసుకుని తాగుతారు. ఉప్పు ఎక్కువై విరేచనాలు పట్టుకుంటాయి. లీటరు సీసా మీరే కలిపి పోయండి.

9. మీటింగ్, పది నిమిషాలే

భోజనం తర్వాత. ఇందులో రెండే విషయాలు: రేపటి టైమ్ టేబుల్, టీమ్ లెక్క.

క్రాస్ కంట్రీలో టీమ్ పాయింట్లంటే స్థానాల మొత్తం, తక్కువ వచ్చినవాళ్లే గెలుస్తారు. ప్రపంచ పోటీల్లో టీమ్‌లో ఆరుగురు పరుగెత్తితే ముందొచ్చిన నలుగురి స్థానాలు కలుపుతారు. మీ పోటీలో ఎంతమందివి కలుపుతారో చూసుకుని పిల్లలకు బోర్డు మీద వేసి చూపించండి. ఒక టీమ్‌కు 1, 2, 22, 30 వచ్చాయి, మొత్తం 55. ఇంకో టీమ్‌కు 3, 9, 14, 20 వచ్చాయి, మొత్తం 46. మొదటి రెండు స్థానాలు తెచ్చుకున్న టీమ్ ఓడిపోయింది.

ఈ లెక్క చూశాక నాలుగో నంబరు పిల్లాడి కూర్చునే తీరే మారుతుంది. ఇరవై రెండో స్థానంలో ఉన్నప్పుడు ముందున్న ఇద్దరిని దాటడం ఎందుకో వాడికి అర్థమవుతుంది.

పతకాలు, జిల్లా పరువు, తల్లిదండ్రుల ఆశలు, ఇవి ఆ రాత్రి ఎత్తకండి. నేనొకసారి ముప్పావు గంట ఉపన్యాసం ఇచ్చాను. మర్నాడు ఒకమ్మాయి చెప్పింది, "సార్, మీరు మాట్లాడినప్పటి నుంచి నిద్ర పట్టలేదు."

10. అమ్మాయిల విషయం

తోడు మేడమ్ లేకుండా అమ్మాయిల టీమ్‌ను కదిలించకండి. మేడమ్ దగ్గర శానిటరీ ప్యాడ్లు, పాత పేపర్లు, నల్ల కవర్లు, అదనపు షార్ట్స్ ఉండాలి. ఎవరికైనా పీరియడ్స్ వస్తే వాళ్లే వచ్చి చెప్పుకోవాలని చూడకుండా, సాయంత్రం గది సర్దేటప్పుడు మేడమ్ అందరికీ కలిపి "ప్యాడ్లు ఈ సంచిలో ఉన్నాయి బిడ్డా" అని చూపిస్తే సరిపోతుంది. నొప్పి ఎక్కువుండి పరుగెత్తలేకపోతే తప్పుకోవడం ఆ అమ్మాయి ఇష్టం, దాని గురించి ఎవరూ మళ్లీ అడగకూడదు. రేసుకు కొత్త బ్రా, కొత్త షార్ట్స్ వద్దు, రాసుకుని పుండవుతుంది.

11. ఎనిమిది నుంచి తొమ్మిదిన్నర

ఎనిమిదికి ఇళ్లకు ఫోన్లు. తల్లిదండ్రుల గ్రూపులో మీరే ఒక మెసేజ్ పెట్టండి: చేరాం, తిన్నాం, పడుకుంటున్నాం, రేసు అయ్యాక మాట్లాడిస్తాం. తర్వాత పిల్లల ఫోన్లన్నీ ఒక సంచిలోకి.

ఎనిమిదిన్నరకు రేపటి బట్టలు తల దగ్గర వరుసగా. నంబరు వచ్చి ఉంటే బనియన్‌కు నాలుగు మూలలా పిన్నీసులు ఇప్పుడే పెట్టాలి. పొద్దున చలికి వేళ్లు కొంకర్లు పోతాయి, పిన్నీసు పెట్టబోతే రక్తమే వస్తుంది. బనియన్ ఒంటి మీద ఉండగా పెట్టించి, చేతులు పైకెత్తమనండి. గుంజకపోతే సరే.

తొమ్మిదిన్నరకు లైటు ఆపండి. నిద్ర పట్టకపోతే కంగారు పడొద్దని ముందే చెప్పండి. రేసు ముందు రాత్రి చాలామందికి సరిగా నిద్ర పట్టదు, అంతకుముందు వారం బాగా పడుకుని ఉంటే పరుగుకు పెద్దగా తేడా రాదు. ఈ ఒక్క మాట విన్నాక సగం మంది పడుకుంటారు.

12. తెల్లవారుజాము గడియారం

రేసు 7:30కు అయితే, వెనక నుంచి లెక్కేసుకోండి. మా గోడ మీద అంటించే కాగితం ఇది:

- 4:30 లేవడం, గోరువెచ్చని నీళ్లు ఒక గ్లాసు
- 4:50 తిండి: రెండు ఇడ్లీలు, లేకపోతే బ్రెడ్, అరటిపండు (ఇడ్లీ దొరకదనుకుంటే బ్రెడ్ రాత్రే కొని పెట్టుకోండి)
- 5:45 బయలుదేరడం
- 6:15 మైదానం. పెద్దవాళ్లలో ఒకరు మలుపులన్నీ తిరిగి నేల చూసి రావాలి
- 6:25 పిన్నులు మార్చాల్సి వస్తే ఇప్పుడే
- 6:40 వార్మప్, స్వెటర్లతోనే
- 7:10 కాల్ రూమ్
- 7:25 స్వెటర్లు తీయడం

స్వెటర్లు, క్యాప్‌లు ఎవరు పట్టుకోవాలో రాత్రే తేల్చండి. పెద్ద గోనెసంచితో ఒకరు స్టార్ట్ దగ్గర నిలబడి, గన్ పేలగానే ఫినిష్‌కు నడవాలి. చెమట పట్టిన పిల్లలు గట్టు మీద వణుకుతూ తమ స్వెటర్ కోసం వెతుక్కోకూడదు.

13. ఏదైనా తప్పితే

బస్సు ఆలస్యమై చీకటి పడ్డాక చేరారా? జాగింగ్ మానేయండి, పది నిమిషాలు గది చుట్టూ నడిపించండి. కోర్సు నడకను పొద్దున వార్మప్‌లోకి జరపండి, కనీసం స్టార్ట్, మొదటి మలుపు, ఆఖరి మూడు వందల మీటర్లు చూపించండి.

బూట్లు తడిశాయా? లోపలి అట్ట తీసి, పాత పేపరు ఉండలు చుట్టి కుక్కండి. గంటకోసారి పేపరు మార్చాలి. మంట దగ్గర పెట్టకండి, సోల్ ఊడిపోతుంది.

ఒక పిల్లకు రాత్రి వాంతులో విరేచనాలో మొదలయ్యాయా? ఓఆర్ఎస్ గుక్కగుక్కగా పట్టించండి, ఇంటికి ఫోన్ చేయండి, తగ్గకపోతే ఆసుపత్రికి తీసుకెళ్లండి. పొద్దున్నకు నెమ్మదించినా పరుగు వద్దు. స్వెటర్ల గోనెసంచి ఆ పిల్లకు ఇచ్చి ఫినిష్ దగ్గర కుర్చీ వేయండి.

నంబర్లు పొద్దున్నే ఇస్తామన్నారా? 6:15కు పిన్నీసుల డబ్బాతో ఒకరిని నేరుగా ఆ టేబుల్ దగ్గరికి పంపండి. లైనులో మిగతా జిల్లాల వాళ్లు మన దగ్గరే పిన్నీసులు అడుగుతారు. ఒక అట్ట అదనంగా తెచ్చుకోండి, ఇవ్వండి.